నేలను బట్టి గుంత: ఇంటి మరుగుదొడ్లకు ప్రత్యామ్నాయ సెప్టిక్, ఇంకుడు ఏర్పాట్లు

(పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం ప్రత్యేక వ్యాసం)

ఇంటింటికీ మరుగుదొడ్డి ఉండాలన్న లక్ష్యంతో 1999 నాటి సంపూర్ణ పారిశుద్ధ్య కార్యక్రమం మొదలుకొని, 2012లో నిర్మల్ భారత్ అభియాన్, 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ మిషన్ వరకు పథకాలు వరుసగా అమలయ్యాయి. గోడలు లేచాయి, తలుపులు పడ్డాయి, లబ్ధిదారు తలుపు పక్కన నిలబడగా ఫొటో తీసి నమోదు చేయడమూ జరిగింది. అయితే ఆ ఫొటోలో కనిపించని భాగం ఒకటున్నది. గది వెనుక నేలలో ఏమి తవ్వారు, అక్కడికి చేరిన మురుగు ఎటు పోతున్నది అన్న ప్రశ్నకు చాలా ఇళ్ళలో ఇంటి యజమాని కూడా సమాధానం చెప్పలేని పరిస్థితి ఉన్నది. ఆ భాగం సరిగా లేనప్పుడు నష్టపోయేవారు ఇద్దరు. పక్కనే ఉన్న బోరు నీరు తాగేవారు ఒకరు, నిండిన గుంతను ఖాళీ చేయడానికి కూలికి దిగే మనిషి మరొకరు. రెండవ వ్యక్తి కొన్నిసార్లు తిరిగి పైకి రావడం లేదు.

భూగర్భ మురుగునీటి పైపులు పెద్ద నగరాలలోని కొన్ని ప్రాంతాలకే పరిమితం. మిగిలిన పట్టణాలలోను, గ్రామాలలోను ప్రతి ఇల్లూ తన మురుగును తన స్థలంలోనే పరిష్కరించుకోవలసి ఉంటుంది. ఇందుకు అన్ని చోట్లకూ ఒకే నమూనా సరిపోదు. గోదావరి లంకలో పనికివచ్చే ఏర్పాటు మహబూబ్‌నగర్ రాతి నేలలో పనికిరాదు. కర్నూలు, ఆదిలాబాదు నల్లరేగడిలో ఆ రెండూ పనికిరావు. మంజూరు పత్రంలో కొలత ఒకటే ఉంటుంది కనుక మేస్త్రీ అన్ని చోట్లా అదే తవ్వుతాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి తేడా బయటపడుతుంది.

పేర్లలోని గందరగోళం

నేలలోని ప్రతి గుంతనూ "సెప్టిక్ ట్యాంకు" అని వ్యవహరించడం వార్తలలోను, నివేదికలలోను పరిపాటి అయింది. ఈ ఒక్క మాట వెనుక కనీసం మూడు వేర్వేరు నిర్మాణాలు ఉన్నాయి.

సెప్టిక్ ట్యాంకు అంటే అడుగు, గోడలు నీరు కారకుండా గచ్చు చేసిన తొట్టి. బరువైన మలినం అడుగున మడ్డిగా పేరుకుంటుంది, తేలికైనది పైన తెట్టుగా కడుతుంది. గాలి అవసరం లేని సూక్ష్మజీవులు మడ్డిని కొంతవరకు జీర్ణం చేస్తాయి. నడిమి నీరు గొట్టం ద్వారా వెలుపలికి వస్తుంది. ఈ నీరు చూపుకు కొంత తేటగా కనిపించినా రోగక్రిములు అందులో అలాగే ఉంటాయి. అంటే ట్యాంకు చేసేది సగం పనే. మిగిలిన సగం పని నేల చేయాలి. ట్యాంకు నుంచి వచ్చే నీటిని ఇంకుడు గుంతలోకో, రంధ్రాల గొట్టాలు పరిచి కంకర నింపిన ఇంకుడు కందకాలలోకో పంపవలసి ఉంటుంది. మన పట్టణాలలో అత్యధిక ఇళ్ళలో ఈ రెండవ సగం లేనే లేదు. ట్యాంకు గొట్టం నేరుగా వీధి కాలువలోకి తెరుచుకుంటుంది.

రెండవది లీచ్ పిట్. దీని గోడలకు జాలీలాగా రంధ్రాలు ఉంటాయి, అడుగు మట్టిదే. నీరు చుట్టూ ఉన్న నేలలోకి ఇంకిపోయి మలం గుంతలోనే నిలిచి క్రమంగా మట్టిగా మారుతుంది. మూడవది, ఈ రెండింటికీ చెందని గుంత. పల్లెల్లో ఇదే ఎక్కువ. సిమెంటు వరలను ఒకదానిపై ఒకటి పది, పన్నెండు దించి, పైన కడప బండ పరిచి "ఇక జీవితాంతం తీయనక్కరలేదు" అనుకునే లోతైన ఒంటి గుంత ఇది. లోతు పెరిగే కొద్దీ ఊటనీటికి దగ్గరవుతున్నదన్న సంగతి ఆ సంతోషంలో మరుగున పడుతుంది.

మన భాషలో మరొక చిక్కు కూడా ఉన్నది. 2000 సంవత్సరంలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన నీరు-మీరు కార్యక్రమం ద్వారా "ఇంకుడు గుంత" అనే మాట ఇంటింటికీ చేరింది. అది వాన నీటిని భూమిలోకి పంపే గుంత. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంతనూ జనం అదే పేరుతో పిలుస్తారు. పేరు ఒకటే కావడంతో కొన్ని ఇళ్ళలో మరుగుదొడ్డి గొట్టాన్ని వాననీటి గుంతకు కలపడం, ఆ గుంత బోరు పక్కనే ఉండటం జరుగుతున్నది. తనిఖీకి వెళ్ళే సిబ్బంది ఈ రెండింటినీ వేరువేరుగా అడిగి చూడటం అవసరం.

ముందు నేలను పరీక్షించాలి

ఏ ఏర్పాటు తగినదో నిర్ణయించేది నేల నీటిని పీల్చే వేగం, ఊటనీటి మట్టం. మొదటిదాన్ని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 2470 రెండవ భాగంలో (1985) చెప్పిన పరీక్షను ఒక పలుగు, ఒక బిందె, ఒక స్కేలుతో ఎవరైనా చేయవచ్చు. ఇంకుడు ఏర్పాటు ఎంత లోతున ఉండబోతున్నదో అంత లోతుకు 10 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పుతో చిన్న గొయ్యి తవ్వాలి. గోడలను కొద్దిగా గీకి, అడుగున 5 సెంటీమీటర్ల గులకరాళ్ళు లేదా దొడ్డు ఇసుక వేయాలి. ఆపైన 30 సెంటీమీటర్ల ఎత్తుకు నీరు పోసి ఒక రోజు నాననివ్వాలి. మరునాడు నీటిని గులకరాళ్ళపై 15 సెంటీమీటర్లకు సరిచేసి, అరగంటలో ఎంత దిగిందో కొలిచి, ఆ లెక్కన 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో తేల్చాలి.

30 నిమిషాల లోపు అయితే ఇంకుడు గుంత చాలు. 30 నుంచి 60 నిమిషాలు అయితే నీటిని ఎక్కువ వైశాల్యంలో పరచడానికి కందకాలు కావాలి. వీటి లోతు అర మీటరు నుంచి ఒక మీటరు, ఒక్కొక్క దాని పొడవు 30 మీటర్లకు మించకూడదు, రెండు కందకాల నడుమ 1.8 మీటర్లకు తక్కువ ఉండకూడదు. 60 నిమిషాలు దాటితే ఆ నేలను నమ్ముకోవడం వృథా అని ప్రమాణమే చెబుతున్నది. అక్కడ నీటిని భూమిపైనే శుద్ధి చేసే మార్గం వెతకాలి.

ఈ పరీక్షను ఏ నెలలో చేశారన్నది పరీక్షంత ముఖ్యం. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. మే నెలలో గొయ్యి తవ్వి నీరు పోస్తే నెర్రెల్లోకి గటగటా దిగిపోతుంది. అదే నేల ఆగస్టులో ఉబ్బి మూసుకుపోతుంది. నిర్మాణాలు ఎక్కువగా వేసవిలోనే జరుగుతాయి కనుక ఇక్కడే మోసపోవడం జరుగుతుంది. ఒక రోజు నానబెట్టమని ప్రమాణం చెప్పినది ఇందుకే. ఊటనీటి మట్టాన్ని కూడా ఎండాకాలపు బావిని చూసి కాక, వానలు ముగిసే నాటి మట్టాన్ని అడిగి తెలుసుకోవాలి. ఊరి రైతులకు ఈ సంగతి లెక్క రాసినట్టు తెలిసి ఉంటుంది.

జంట గుంతలు

నేల పీల్చే చోట చిన్న ఇంటికి అన్నింటికంటె సులువైనది, ఖర్చు తక్కువైనది జంట గుంతల ఏర్పాటు. గ్రామీణ ప్రాంతాలకు దీని ప్రమాణం ఐ.ఎస్. 12314 (1987). సులభ్ సంస్థ స్థాపకులు, 2023లో మరణించిన బిందేశ్వర్ పాఠక్ ఈ పద్ధతిని దేశమంతటా ప్రచారం చేశారు. బేసిన్ నుంచి వచ్చే గొట్టం ఒక చిన్న జంక్షన్ గదిలో రెండుగా చీలుతుంది. ఒక దారిని ఇటుకతోనో, బిరడాతోనో మూసి రెండవ దారిని తెరిచి ఉంచుతారు. మొదటి గుంత నిండగానే మూత మార్చి రెండవదానికి మళ్ళిస్తారు. రెండవది నిండేలోగా మొదటిదానిలోని పదార్థం విశ్రాంతిగా పడి ఉండి, వాసన లేని నల్లని పొడి ఎరువుగా మారుతుంది. అన్నింటికంటె మొండివైన నులిపురుగుల గుడ్లు సైతం నశించడానికి ఒకటిన్నర నుంచి రెండేళ్ళ గడువు ఇవ్వడం మంచిది. గుంతకు లెక్క 3 ఏళ్ళకు వేసినా, అయిదుగురున్న ఇంట్లో అంతకు మించి రావడం సాధారణం.

దీని బలమంతా ఒక్క విషయంలో ఉన్నది. పచ్చి మలాన్ని ఎవరూ ముట్టుకోనక్కరలేదు, ఎవరూ లోపలికి దిగనక్కరలేదు. 2017 ఫిబ్రవరి 18న వరంగల్ సమీపంలోని గంగదేవిపల్లిలో నాటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, వివిధ రాష్ట్రాల ఉన్నతాధికారులతో కలిసి ఇలాంటి గుంతలోని ఎరువును స్వయంగా ఎత్తి పోశారు. ఆ నెలాఖరులో ప్రధానమంత్రి తన "మన్ కీ బాత్" ప్రసంగంలో ఈ సంగతిని ప్రస్తావించారు. మలం ఉన్న గుంత అంటే తరతరాలుగా ఒక కులం వారి పని అన్న భావన పాతుకుపోయిన సమాజంలో, ఒక ఐ.ఎ.ఎస్. అధికారి చేతిలో తట్ట ఉండటానికి గల అర్థం వివరించనక్కరలేదు.

అయితే నమూనా ఎంత మంచిదైనా కట్టడంలో చెడవచ్చు. క్షేత్ర పరిశీలనలో తరచుగా కనిపించే లోపాలు కొన్ని ఉన్నాయి. జంక్షన్ గదిలో ఏ దారినీ మూయకపోవడంతో రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి. దీనితో జంట గుంతల ప్రయోజనమే పోతుంది. రెండు గుంతలను ఆనించి తవ్వితే నిండిన దానిలోని నీరు ఆరుతున్న దానిలోకి ఊరుతుంది. నడుమ కనీసం ఒక మీటరు నేల ఉండాలి, స్థలం లేకపోతే నీరు దాటని అడ్డుగోడ కట్టాలి. స్నానం నీరు, బట్టలు ఉతికిన నీరు ఇందులోకి పంపితే గుంత ఎప్పటికీ ఆరదు. వాటికి వేరే దారి చూడాలి. సెప్టిక్ ట్యాంకుకు గాలి గొట్టం తప్పనిసరి, జంట గుంతలకు దాని అవసరమే లేదు, వాయువులు నేలలోకే పోతాయి. ఇంటి ముందు అందంగా టైల్సు పరచి జంక్షన్ గదిని వాటి కింద కప్పేసిన ఇళ్ళు కూడా లేకపోలేదు. గుంత నిండిన రోజున ఆ ఇంటివారికి మూత ఎక్కడున్నదో గుర్తు ఉండదు.

నల్లరేగడిలో లెక్క మారుతుంది

ఒక మనిషికి రోజుకు 10 లీటర్ల వంతున అయిదుగురికి 50 లీటర్ల నీరు గుంతకు చేరుతుందని అనుకుందాం. ప్రమాణాల ప్రకారం గరప నేల చదరపు మీటరుకు రోజుకు సుమారు 30 లీటర్లు పీలుస్తుంది, ఇసుక నేల 50, నల్లరేగడి వంటి బంకనేల 10 మాత్రమే. అంటే గరప నేలలో 1.7 చదరపు మీటర్ల గోడ చాలు. మీటరు వ్యాసం, మీటరు లోతు గల మామూలు గుంతకు 3.1 చదరపు మీటర్ల గోడ ఉంటుంది కనుక పని సాఫీగా సాగుతుంది. అదే గుంత నల్లరేగడికి వెళితే 5 చదరపు మీటర్లు కావలసిన చోట 3.1 మాత్రమే ఉంటుంది. మంజూరు పత్రంలోని కొలత తప్పకుండా పాటించిన గుంత కూడా మొదటి వానాకాలంలోనే పొంగిపోవడానికి కారణం ఇదే.

ఇందుకు మార్గం ఖరీదైనదేమీ కాదు. గుంతను వెడల్పుగా తవ్వి, వరల చుట్టూ 30 సెంటీమీటర్ల మందాన ఇసుక, చిన్న కంకర లేదా ఇటుక ముక్కలు నింపాలి. అప్పుడు నేలకు తగిలే గోడ వ్యాసం 1.6 మీటర్లు అవుతుంది, వైశాల్యం 5 చదరపు మీటర్లకు చేరుతుంది. లెక్క సరిపోయింది. పైగా ఉబ్బే రేగడి వరలను నెట్టి పగలగొట్టకుండా ఈ పొర కొంత కాపు కాస్తుంది. ఇసుక, కంకర ఖర్చును అంచనాలో ముందుగానే చూపకపోతే మేస్త్రీ దానిని వదిలివేస్తాడు. అంచనాలు తయారుచేసే ఇంజనీర్లు నేల రకాన్ని బట్టి రెండు వేర్వేరు అంచనాలు ఉంచుకోవడం మేలు.

నీరు పైపైనే ఉన్న చోట

కోనసీమ, కొల్లేరు పరిసరాలు, కృష్ణా డెల్టా దిగువ మండలాలలో సమస్య దీనికి విరుద్ధం. మూడు, నాలుగు అడుగులు తవ్వితే ఊట పడుతుంది. ఊటనీటిలో మునిగిన గుంత మురుగును ఇంకించదు, నీటితో కలుపుతుంది. గుంత అడుగుకు, ఊటనీటి మట్టానికి నడుమ 2 మీటర్ల ఎండు నేల ఉంటే, సన్నని మట్టి అయితే, తాగునీటి బావికి 3 మీటర్ల దూరం కూడా చాలునని ప్రమాణం అంగీకరిస్తుంది. ఆ ఎండు నేల లేకపోతే దూరం కనీసం 10 మీటర్లు ఉండాలి. నేల దొడ్డు ఇసుక అయితే గుంత చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక నింపి, అడుగును నీరు దిగకుండా మూసివేయాలి. సెప్టిక్ ట్యాంకు తరువాతి ఇంకుడు ఏర్పాటుకు అయితే తాగునీటి వనరు నుంచి 18 మీటర్లు, ఇంటి నుంచి 6 మీటర్లు వదలాలని ఐ.ఎస్. 2470 చెబుతున్నది. అయిదు సెంట్ల స్థలంలో ఈ దూరాలు దొరకడం కష్టమన్నది నిజమే. అందుకే డెల్టా గ్రామాలలో ఇంటింటి బోరు కంటె రక్షిత మంచినీటి సరఫరాకు ప్రాధాన్యం ఇవ్వవలసి వస్తున్నది.

ఇటువంటి చోట గుంతను కిందికి తవ్వడం మాని పైకి లేపాలి. నీరు నిలిచే ఎత్తుకు 30 సెంటీమీటర్ల పైన గుంత పైభాగం ఉండేలా వరలు నిలిపి, చుట్టూ ఒకటిన్నర మీటరు వరకు మట్టి పోసి దిమ్మిసతో గట్టిపరచాలి. అప్పుడు మరుగుదొడ్డి గది కూడా మెట్లపైకి వెళుతుంది. వృద్ధులున్న ఇంట్లో ఆ మెట్లకు పట్టుకొమ్మ పెట్టడం మరువరాదు. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదలో లంక గ్రామాలు మునిగినప్పుడు, నేల మట్టానికి ఉన్న గుంతలు ఏమయ్యాయో అక్కడ పనిచేసిన సిబ్బందికి తెలియనిది కాదు.

ఇదే ఆలోచనకు పెద్ద రూపం గుట్ట పద్ధతి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1970లలో దీనిని రూపొందించి ప్రచారంలోకి తెచ్చింది. సహజ నేలపై ఇసుకతో గుట్ట పోసి, సెప్టిక్ ట్యాంకు నీటిని చిన్న పంపుతో విడతలు విడతలుగా దాని పైభాగంలోని గొట్టాలలోకి ఎక్కిస్తారు. ఇసుకలో దిగుతూ నీరు శుభ్రపడి, అడుగు నేలకు చేరేసరికి హాని తగ్గుతుంది. స్థలం, కరెంటు, పంపు మరమ్మతు మూడూ కావాలి కనుక మన పల్లె ఇంటికి ఇది బరువే. తోటల మధ్య కట్టుకున్న ఇళ్ళకు, వసతి గృహాలకు ఆలోచించదగినది.

నీటితో పని లేకుండా మలమూత్రాలను వేరుచేసి ఎండబెట్టే పొడి మరుగుదొడ్డి మరొక దారి. తమిళనాడులోని తిరుచిరాపల్లి జిల్లా ముసిరి ప్రాంతంలో దీనిపై చెప్పుకోదగిన కృషి జరిగింది. వాడిన ప్రతిసారీ బూడిద చల్లాలి, కడుక్కునే నీరు వేరే చోట పడాలి. అలవాటు మార్చుకునే ఓపిక ఉన్న ఇంట్లో మాత్రమే ఇది నిలుస్తుంది.

రాతి నేల

తెలంగాణలోను, రాయలసీమలోను అధిక భాగం కింద ఉన్నది నల్లరాయి. పైన అడుగున్నర ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్ళున్న రాయి. మట్టి నీటిని వడకడుతుంది, పగులు వడకట్టదు. మురుగు ఒక పగులులో పడితే ఎన్ని మీటర్ల దూరంలో ఏ బోరులో తేలుతుందో ఊహించడం కష్టం. కనుక ఇక్కడ పుస్తకంలోని దూరాలు పూర్తి రక్షణ కావు. గుంతను రాతిదాకా దించకుండా పైకి లేపి, అడుగు మూసి, చుట్టూ సన్న ఇసుక నింపి, పై మట్టిలోనే ఇంకేలా చూడటం శ్రేయస్కరం. క్రిములను నేల ఆపినా నైట్రేటును ఆపలేదన్నది కూడా గమనించాలి. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని ఐ.ఎస్. 10500 నిర్దేశిస్తున్నది. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉండి ప్రతి ఇంటికీ గుంత, ప్రతి ఇంటికీ బోరు ఉన్న కాలనీలలో నీటి పరీక్షలు జరిపించేటప్పుడు ఈ అంశాన్ని తప్పక చేర్చాలి.

నేల ఒప్పుకోని చోట

నేల పీల్చని చోట, స్థలం చాలని చోట సెప్టిక్ ట్యాంకు తరువాత మరొక గది కట్టి అందులో కంకర నింపి, నీటిని అడుగు నుంచి పైకి ఎక్కించే వడపోత ఉన్నది. కంకరకు అంటుకున్న సూక్ష్మజీవులు నీటిలోని మలినాన్ని తింటాయి. దాని తరువాత మెట్టతామర, జమ్ము, వట్టివేరు వంటి మొక్కలు నాటిన కంకర మడి కట్టవచ్చు. నీరు కంకర పైకి కనిపించకుండా కిందనే సాగుతుంది కనుక దోమలు పుట్టవు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ గ్రామాల మురుగునీటిని ఇటువంటి మొక్కల మడులతో శుద్ధి చేసే పద్ధతిపై పరిశోధనలు జరిపింది. బయటికి వచ్చిన నీటిని కొబ్బరి, అరటి పాదులకు మళ్ళించవచ్చు. పచ్చిగా తినే ఆకుకూరలకు మాత్రం కూడదు.

రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ సైనికుల కోసం రూపొందించిన బయో డైజెస్టర్ రైలు పెట్టెల ద్వారా ప్రజలకు పరిచయమైంది. ఇళ్ళకు కూడా దీనిని అమ్ముతున్నారు. తక్కువ స్థలంలో ఇమడటం దీని సుగుణం. "పెట్టి మరిచిపోవచ్చు" అన్న ప్రచారం మాత్రం యథాతథంగా స్వీకరించదగినది కాదు. డైజెస్టర్ నుంచి వచ్చే నీరు కూడా నేలలోకో, మొక్కల మడిలోకో పోవలసిందే, యాసిడ్ విచ్చలవిడిగా పోస్తే దానిలోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. సెప్టిక్ ట్యాంకులో వేయమని దుకాణాలలో అమ్మే పొడుల విషయం కూడా అంతే. అవసరమైన సూక్ష్మజీవులు మలంలోనే ఉంటాయి. ఏ పొడీ మడ్డి తీయించే అవసరాన్ని తప్పించదు.

ఖాళీ చేయడం, చట్టం

ప్రమాణాల ప్రకారం అయిదుగురి ఇంటికి 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, ఒక మీటరు నీటి లోతు గల ట్యాంకు చాలును, రెండేళ్ళకొకసారి మడ్డి తీయించాలి. గదంత ట్యాంకు కట్టి ఇరవై ఏళ్ళు ముట్టుకోకపోవడం మన అలవాటు. అప్పటికి మడ్డి గట్టిపడి ట్యాంకరు గొట్టానికి లొంగదు. పలుగుతో పొడవడానికి ఒక మనిషిని దించుతారు. మడ్డి కదలగానే హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వేసే ఈ వాయువు, ఎక్కువైనప్పుడు ముక్కును మొద్దుబారుస్తుంది. వాసన పోయింది, ఇక భయం లేదని అనుకునే క్షణమే అత్యంత ప్రమాదకరం. మొదట దిగినవాడు పడిపోతే కాపాడటానికి రెండవవాడు, అతని కోసం మూడవవాడు దిగుతారు. ఒకే ట్యాంకులో ముగ్గురు మరణించారన్న వార్తల వెనుక ఉండే క్రమం ఇదే.

మానవ పాకీ వృత్తి నిషేధం, పునరావాస చట్టం 2013 డిసెంబరు 6 నుంచి అమలులోకి వచ్చింది. రక్షణ పరికరాలు, నిర్దేశించిన జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువను గానీ సెప్టిక్ ట్యాంకును గానీ మనిషి చేత శుభ్రం చేయించడాన్ని ఈ చట్టం 7వ సెక్షన్ నిషేధించింది. మొదటి నేరానికి రెండేళ్ళ వరకు జైలు లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, మళ్ళీ చేస్తే అయిదేళ్ళు, 5 లక్షల వరకు శిక్ష పడవచ్చు. ఇది స్థానిక సంస్థలకు, కాంట్రాక్టర్లకే కాక ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. ఈ సంగతి ఎక్కువమందికి తెలియదు. ఇటువంటి మరణాలకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో ఆదేశించింది. ఆ ఉద్యమ నాయకులు బెజవాడ విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2023 అక్టోబరు 20న బల్‌రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మురుగు కాలువల మరణాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది.

ఇలాంటి దుర్ఘటనను "ప్రమాదవశాత్తు ఊపిరాడక మృతి" అని ఒక వాక్యంలో ముగించడం సరికాదు. ట్యాంకు ఎన్నేళ్ళ క్రితం కట్టినది, చివరిసారి ఎప్పుడు తీయించారు, దిగమని చెప్పినది ఎవరు, ఏ చట్టం కింద కేసు నమోదైంది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాబట్టితే వార్త పూర్తి అవుతుంది, పరిహారానికీ దారి ఏర్పడుతుంది.

తీసిన మడ్డి ఎక్కడికి పోతున్నదన్నది చివరి అంశం. కేంద్రం 2017లో మల వ్యర్థాల నిర్వహణపై జాతీయ విధానం ప్రకటించింది. అంతకు ముందే 2016లో వరంగల్ మహానగర పాలక సంస్థ హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ సహకారంతో ఇందుకు నియమావళి జారీచేసింది. తరువాత వరంగల్‌లోను, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలోను మల వ్యర్థాల శుద్ధి కేంద్రాలు ఏర్పడ్డాయి. శుద్ధి కేంద్రం దూరమైన చోట ట్యాంకరు రాత్రివేళ చెరువు అలుగు దగ్గరో, ఊరి చివరి వాగులోనో గొట్టం విప్పే అవకాశం ఉంటుంది. మడ్డి తీయించిన ఇంటివారు ట్యాంకరు యజమాని నుంచి రసీదుతో పాటు ఎక్కడ దింపబోతున్నారో అడగవచ్చు. పట్టణాలలో ఈ సేవ కోసం 2020లో 14420 అనే సహాయ సంఖ్యను కేంద్రం ప్రకటించింది. కొత్తగా ఇల్లు కట్టేవారు ట్యాంకు మూతను వంటగది కింద గానీ మెట్ల కింద గానీ పడకుండా, వీధిలో నిలిచిన ట్యాంకరు గొట్టం అందే దూరంలో ఉండేలా ప్లానులోనే గుర్తించాలి. అనుమతి ఇచ్చే సిబ్బంది ఆ గుర్తు ప్లానులో ఉన్నదో లేదో చూసిన తరువాతనే సంతకం చేయవలసి ఉంటుంది.